నారాయణగూడ ఈతకొలనులో రెండు జతల లెన్సులు

మాది పాలకొల్లు. ఊరి చుట్టూ కాలువలు, వీధి చివర కాలువ, నేను పాఠాలు చెప్పే బడి వెనకా కాలువే. అయినా నాకు ఈత రాదు. మా చిన్నప్పుడు మగపిల్లలు చొక్కాలు విప్పి దూకేవాళ్ళు, మేం గట్టు మీద కూర్చుని ఆ చొక్కాలకు కాపలా కాసేవాళ్ళం. నలభై దాటి ఆరేళ్ళయ్యాక, పోయిన వేసవి సెలవుల్లో ఈత నేర్చుకోవడానికి హైదరాబాద్ వెళుతున్నానని చెబితే పక్కింటి సత్యవతిగారు ఊరుకోలేదు. "కొబ్బరికాయ కొనడానికి ఇక్కణ్ణుంచి బేగంబజారు వెళ్ళినట్టుంది నీ యవ్వారం" అన్నారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాని ఆడవాళ్ళకు విడిగా వేళలు పెట్టి, ఆడ కోచ్ చేత నేర్పించే ఈతకొలను మా వైపు నాకు తెలిసినంతలో లేదు. నారాయణగూడలో ఉందని మా పిన్ని కూతురు పద్మ ఫోన్‌లో చెప్పింది. దాని ఇల్లు చిక్కడపల్లి. రెండు వీధుల దూరంలో కొలను, తిండికీ పడకకూ చెల్లెలి ఇల్లు. ఇంకేం కావాలి?

అయితే ఒక చిక్కుంది. నా కళ్ళకు పవర్ మైనస్ ఎనిమిది. అద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో, తలుపుకు వేలాడుతున్న తువ్వాలో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నాను. ఈత కొట్టేటప్పుడు వాటిని ఏం చెయ్యాలన్న సంగతి మాత్రం రైలెక్కేదాకా నా బుర్రకు తట్టలేదు.

చిక్కడపల్లి

పిన్ని వాళ్ళు హైదరాబాద్‌లో స్థిరపడి నా వయసు కంటే ఎక్కువ కాలమే అయింది. పద్మ ఇక్కడే పుట్టింది. ఇంట్లో మా యాస, గుమ్మం దాటితే ఊరి యాస. నన్ను చూడగానే "వచ్చావా చిన్నక్కా!" అని కావిలించుకుంది, మరుక్షణం వాచ్‌మన్ వైపు తిరిగి "అన్నా, ఈ సంచి జర పైన పెట్టు, లిఫ్ట్ ఖరాబైంది గదా" అంది. ఒకే నోట్లో రెండు జిల్లాలు.

పొద్దున్నే టిఫిన్‌కు సందు చివరికి తీసుకెళ్ళింది. పెసరట్టు ఉప్మా అడిగితే తెచ్చిచ్చారు. పల్చగా, కరకరలాడుతూ బాగానే ఉంది గాని, అల్లం ముక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ధరకు మా ఊళ్ళో ఇద్దరు తిని, కాఫీ కూడా తాగొచ్చు. చట్నీ మాత్రం అడిగినంతా పోశారు, ఆ విషయంలో మా వాళ్ళు చేతులు ముడుస్తారు.

నన్ను ఆశ్చర్యపరిచింది తిండి కాదు, చదువు. గ్రంథాలయం ముందు, ప్రహరీగోడ వెంట, చెట్ల కింద, ఆగి ఉన్న స్కూటర్ల మీద కూడా పాతికేళ్ళ పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. టీ తాగుతూ ఒక చేత్తో గ్లాసు, రెండో చేత్తో జిరాక్సు నోట్సు. ఎవరూ తలెత్తరు. నా బడిలో ఒక పిల్లాడి చేత ఇలా పావుగంట చదివించడానికి నేను పడే పాట్లు గుర్తొచ్చి కడుపు మండింది.

"వీళ్ళంతా అశోక్ నగర్ హాస్టళ్ళ పిల్లలక్కా, సర్కారు ఉద్యోగాల కోసం చదువుతారు. ఎగ్జామ్ దగ్గరికొస్తే ఇంతే" అంది పద్మ.

నారాయణగూడ

కొలను దగ్గర పెద్ద బోర్డుంది. ముందు షవర్ కింద తడవాలి, టోపీ పెట్టుకోవాలి, చీరలూ చున్నీలూ కుదరవు. కోచ్ పేరు సబిత, నాకంటే చిన్నది. బోర్డు చదువుతూ నిలబడిపోయిన నా వాలకం చూసి ధైర్యం చెప్పింది.

"మేడం, నీళ్లకు మీరు భయపడొద్దు. నీళ్లే మీకు భయపడాలె. రాండ్రి, దిగుండ్రి."

నేను లెన్సులతోనే దిగాను. అవి తీస్తే మెట్లు కనబడవు, ఇంకేం చెయ్యను? పద్మ కూతురి గాగుల్స్ తెచ్చుకున్నాను. అవి పన్నెండేళ్ళ పిల్లవి, నా ముఖం నలభై ఆరేళ్ళది. మొదటిసారి తల ముంచగానే లోపలికి నీళ్ళొచ్చాయి, రెండోసారి ముంచి లేచేసరికి కుడికంట్లో లెన్సు లేదు. సగం ప్రపంచం గంజిలో పడ్డట్టయింది.

ఆడవాళ్ళ మంచితనం ఇలాంటప్పుడే చూడాలి. నీళ్ళలో ఉన్న వాళ్ళందరూ ఈత మానేసి, వంగి, నీటి మీద చేతులాడిస్తూ నా లెన్సు వెతికారు. కాసేపు చూసి సబిత ఈల వేసింది.

"పోయిన నెల ఒకామెది పుస్తెలతాడు జారింది మేడం, అది దొరికింది. ఇది దొరకది. బయటికి రాండ్రి."

ఒంటికన్నుతో మెట్లు తడుముకుంటుంటే ఒక అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నా చెయ్యి ఇడువకు అక్కా, గీడ జారుతది" అంటూ బట్టలు మార్చుకునే గది దాకా నడిపించింది. పేరు మౌనిక. ఊరు మహబూబాబాద్ అవతల. అశోక్ నగర్‌లో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. తనకూ లెన్సులున్నాయంది. ఆ మాట అంటూనే రెండూ తీసి, వాష్‌బేసిన్ కుళాయి కింద కడిగి, మళ్ళీ కళ్ళలో పెట్టేసుకుంది. మా ఊళ్ళో చేపను కూడా అంతకంటే శ్రద్ధగా కడుగుతాం.

తర్వాత షవర్ కిందికి వెళ్ళింది. నేను బట్టలు మార్చుకుని, జుట్టు ఆరబెట్టుకుని, జడ వేసుకునేదాకా ఆ పిల్ల బయటికి రాలేదు. వచ్చాక నేనే అడిగాను, అంతసేపు ఏం చేశావే అని.

నవ్వింది. "నిజం చెప్పాలంటే నేను ఈతకు రాలేదక్కా. స్నానానికి వస్తున్న."

ఎండాకాలం హాస్టల్‌లో నీళ్ళకు కటకట. ట్యాంకర్ ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. బాత్రూమ్ ముందు వరసలో నిలబడే వేళకు ఒక చాప్టర్ అయిపోతుంది. అందుకని మౌనిక, ఇంకా ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఈతకొలనులో నెలవారీ చేరారు. కోచ్ తిట్టకుండా కాసేపు నీళ్ళలో కాళ్ళాడించి, ఆ తర్వాత షవర్ కింద తనివితీరా నిలబడతారు. "తలస్నానం కూడ ఈన్నే. అడిగేటోళ్లు లేరు" అంది. చుట్టూ నీళ్ళున్న ఊరినుంచి నేను ఈత కోసం వస్తే, ఈ పిల్ల బకెట్టు నీళ్ళ కోసం ఈతలో చేరింది. మా ఇద్దరికీ స్నేహం కుదిరిందంటే కుదరదూ మరి!

మళ్ళీ చిక్కడపల్లి, కళ్ళజోళ్ళ దుకాణం

ఇంటికొచ్చి భీమవరంలో మా కళ్ళ డాక్టరుగారికి ఫోన్ చేశాను, లెన్సు పోయింది కొత్తది పంపించమని. ఎలా పోయిందని అడిగారు. చెప్పాను. ఆ తర్వాత పది నిమిషాలు ఆయనే మాట్లాడారు.

"టీచరమ్మా, నీళ్ళూ లెన్సులూ తోటికోడళ్ళు. ఒకచోట ఉండనివ్వకూడదు. కొలను నీళ్ళైనా, కుళాయి నీళ్ళైనా, మీ కాలువ నీళ్ళైనా ఒకటే. నీళ్ళలో ఉండే క్రిములు లెన్సుకు అతుక్కుని, కంటి నల్లగుడ్డు మీద తిష్ట వేస్తాయి. కొన్నయితే క్లోరిన్‌కు కూడా చావవు. షవర్ కిందికి వెళ్ళినా తీసే వెళ్ళాలి. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకేసినా లెన్సు తీసి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు. తెల్లారేదాకా ఆగకు."

మరి నాకు మెట్లు ఎలా కనబడతాయండీ అంటే, పవర్ ఉన్న ఈత గాగుల్స్ దొరుకుతాయని చెప్పారు. ఇరవై ఏళ్ళుగా లెన్సులు వాడుతున్నాను, అలాంటివి ఉంటాయని నాకు తెలియనే తెలియదు.

సాయంత్రం పద్మా నేనూ దుకాణాలు తిరిగాం. మొదటి దుకాణంలో లేవన్నారు, రెండో చోట వారం పడుతుందన్నారు, మూడో చోట సిద్ధంగా ఉన్నాయి. రెండు కళ్ళకూ ఒకటే పవర్ ఉండే రకం, వాటిలో మైనస్ ఎనిమిదే ఆఖరు. ఖరీదు లెన్సుల పెట్టెకంటే తక్కువే. దుకాణంలోనే పెట్టుకుని అద్దంలో చూసుకుంటే కప్పలా ఉన్నాను, కాని కప్ప ముఖం మీద మొటిమతో సహా కనబడుతోంది.

మర్నాడు మిగిలిన లెన్సును ఇంట్లోనే వదిలేసి, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి, మెట్ల దగ్గర గాగుల్స్ మార్చుకుని దిగాను. తల ముంచితే అడుగున నీలం పలకలు, వాటి మధ్య సిమెంటు గీతలు, అవతలి గట్టు దాకా అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. సంతోషంతో నోరు తెరిచి నీళ్ళు తాగాను.

మౌనికకూ చెప్పాను, డాక్టరుగారి తోటికోడళ్ళ మాటతో సహా. గాగుల్స్ పెట్టుకుని చూసింది, "మస్తుగ కనవడుతుందక్కా" అంది. "ఎగ్జామ్ అయినంక కొంట. ఇంక కొన్ని దినాలే గదా" అంది. అశోక్ నగర్ పిల్లలకు పంటినొప్పి, పెళ్ళిచూపులు, కొత్త చెప్పులు, అన్నీ ఎగ్జామ్ అయినంకే.

ఆ తర్వాత కొన్నాళ్ళు హాయిగా గడిచాయి. నీటి మీద వెల్లకిలా తేలడం వచ్చింది. ఈతయ్యాక నేనూ మౌనికా ఇరానీ చాయ్ తాగేవాళ్ళం. మీగడ తేలుతున్న ఆ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ఎంతసేపు ముంచాలో ఆమె నేర్పింది. నేను ఎప్పుడూ ఎక్కువసేపు ముంచి గ్లాసు అడుగున పోగొట్టుకునేదాన్ని. ఆ పిల్ల మూడేళ్ళుగా చదువుతోంది. పోయినసారి కొద్దిలో తప్పిపోయింది. పరీక్ష వచ్చే ఆదివారం. రాంనగర్ మార్కెట్‌లో ఆదివారం చేపలు బాగుంటాయట, పరీక్ష రాసి నాకు చేపల పులుసు తినిపిస్తానంది. పాలకొల్లు దానికి చేపల పులుసు తినిపిస్తానన్న ధైర్యం నాకు నచ్చింది.

బుధవారం మౌనిక కొలనుకు వచ్చింది గాని, ఎడమకన్ను దానిమ్మగింజలా ఉంది. సబిత దూరం నుంచే చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"కళ్లకలక! దిగొద్దు, తువ్వాల గూడ ఈడ పెట్టొద్దు. అందరికి అంటుతది. తగ్గినంక రా."

మౌనిక వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. షవర్ కింద కూడా నిలబడలేదు.

అశోక్ నగర్

మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మనసు ఒప్పక నడుచుకుంటూ అశోక్ నగర్ వెళ్ళాను. నారాయణగూడలో బట్టల కొట్లున్నట్టు ఇక్కడ పుస్తకాల కొట్లున్నాయి. గోడల నిండా ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫొటోలు. టీ కొట్టు ముందు నిలబడిన కుర్రాళ్ళ మాటల నిండా కటాఫ్, కీ, నోటిఫికేషన్. మా ఊళ్ళో పెళ్ళి సంబంధాన్ని ఇంత తరచి తరచి మాట్లాడుకుంటారు.

మౌనిక హాస్టల్ ఒక జిరాక్సు దుకాణం పైన. గదిలో కిటికీకి దుప్పటి కట్టి, నల్లద్దాలు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో ఉంది, మూసి ఉంది.

"అక్కా, గట్టిగ మాట్లాడకు. కింద ఆంటీ ఇంటది" అంది.

సంగతేమిటంటే, ఈ హాస్టల్‌లో ఒక కట్టుబాటుంది. ఎవరికి కళ్ళకలక వచ్చినా అదే పూట సంచి సర్దుకుని ఊరికి పోవాలి. పోయినసారి పరీక్షకు ముందు ఒక పిల్లకు వచ్చి అంతస్తంతా అంటుకుంది, తల్లిదండ్రులు వచ్చి హాస్టల్ నడిపే విజయగారితో తగువు పెట్టుకున్నారు. అప్పటినుంచి ఎర్రకన్ను కనబడితే ఆవిడ ఊరుకోదు. ఇక్కడి పిల్లలు జ్వరం బయటపెడతారు గాని ఎర్రకన్ను బయటపెట్టరు.

"రూమ్మేట్‌కు మొన్న కళ్లకలకైతే మెడికల్ షాపాయన చుక్కలిచ్చిండు. ఆమె ఊరికి పోయింది, గవే నేను ఏసుకుంటున్న. ఎరుపు తగ్గింది చూడక్కా" అంటూ నల్లద్దాలు తీసింది.

ఎరుపు నిజంగానే తగ్గింది. కాని ఆ కన్ను తెరవలేకపోతోంది, నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"నొప్పో?"

చేత్తో కన్ను కప్పుకుంది. "నొప్పి పెరిగింది" అంది.

కళ్ళకలక నాకు తెలుసు. బడిలో ఏటా చూస్తాను. కళ్ళు దురదపెడతాయి, పుసులు కట్టి రెప్పలు అతుక్కుంటాయి, ఒక కంటినుంచి రెండో కంటికి పాకుతుంది. ఇంత నొప్పి ఉండదు. నేను దుప్పటి కొంచెం పక్కకు జరిపి, ఆమె పాత కళ్ళజోడు పెట్టించి, మంచి కన్ను మూసుకుని ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్ బోర్డు చదవమన్నాను. ఒక్కో అక్షరం మనిషంత ఎత్తుంది.

మౌనిక చూసింది. చూస్తూనే ఉంది. "పొగ లెక్క ఉందక్కా. అంత తెల్లగ ఉంది."

నాకు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. "ఇది కళ్ళకలక కాదు. లెన్సుల వల్ల వచ్చింది. లే, ఆసుపత్రికి వెళదాం" అన్నాను.

"ఎగ్జామ్ అయినంక పోత. మూడే దినాలు గదా."

"ఎగ్జామ్ చదవడానికి కళ్ళుండాలి కదే!" అని అరిచాను. గట్టిగా మాట్లాడవద్దన్న సంగతి అప్పుడు గుర్తు లేదు. అరిచినందుకు లాభమే జరిగింది, భయపడి లేచింది.

ఆసుపత్రి

కంటి ఆసుపత్రి ఆటోలో దగ్గరే. డాక్టరమ్మ మౌనిక కంట్లో మందు వేసి, పరికరం ముందు గడ్డం ఆనించి చూసింది. వెంటనే మూడు ప్రశ్నలు అడిగింది. లెన్సులతో ఈత కొట్టావా? కుళాయి నీళ్ళతో కడిగావా? ఏ చుక్కలు వేసుకున్నావు? మొదటి రెంటికీ మౌనిక తలూపింది, మూడోదానికి సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని చదివి చెత్తబుట్టలో వేసింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గిస్తుంది, లోపల పుండును పెంచుతుంది. బాగవుతోందని నువ్వు అనుకుంటావు, అది పెరుగుతుంటుంది."

కన్ను మొద్దుబారడానికి మందు వేసి, పుండును సన్నగా గీకి, పరీక్షకు పంపించింది. లెన్సులనూ వాటి డబ్బానూ కూడా తెప్పించుకుని పంపించింది. క్లోరిన్‌కు చావని అమీబా కాదు, బ్యాక్టీరియా అని సాయంత్రానికి తేలింది. అది కొంచెం నయమట, మందుకు లొంగుతుందట.

"పుండు నల్లగుడ్డు అంచునుంచి మధ్యకు పాకుతోంది. మధ్యకు వస్తే మచ్చ పడుతుంది, చూపు పోతుంది. ఈ వారమే కీలకం. రెండు రకాల చుక్కలు, గంట గంటకూ వెయ్యాలి. రాత్రిళ్ళు కూడా. ఒక్కటి కూడా తప్పకూడదు."

"ఆదివారం ఎగ్జామ్ ఉంది మేడం" అంది మౌనిక.

"రెండో కంటితో రాసుకో. చుక్కలు మాత్రం ఆగకూడదు" అంది డాక్టరమ్మ.

హాస్టల్‌లో అతిథిగా

అసలు పోరు హాస్టల్ మెట్ల దగ్గర జరిగింది. విజయగారు గుమ్మంలోనే ఆపేశారు.

"గిది అంటుకోదని మీరంటే అయితదా టీచరమ్మా? పైన అందరు ఎగ్జామ్ రాసెటోళ్లే. ఒక్క పిల్ల కోసం అందర్ని పరేషాన్ చేయాల్నా? వాళ్ల అమ్మనాయినలకు నేనేం జవాబు చెప్పాలె?"

ఆవిడ కఠినురాలు కాదు, తన కష్టం తనది. ఇది కళ్ళకలక కాదు, అంటుకోదు అని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను, వినలేదు. చివరికి విసుగొచ్చి అన్నాను: "ఈ పిల్ల పక్క మంచం మీద నేను పడుకుంటాను. అంటుకుంటే మొదట నాకే అంటుకోవాలి. నా కన్ను ఎర్రబడితే మా ఇద్దర్నీ కలిపి పంపించెయ్యండి."

విజయగారు నన్ను ఎగాదిగా చూశారు. "కిరాయి?" అన్నారు.

"ఇస్తాను."

"అయితే పోండ్రి పైకి. రాత్రికి పప్పుచారు, వంకాయ."

అలా పాలకొల్లు పంతులమ్మ అశోక్ నగర్ హాస్టల్‌లో చేరింది. పద్మ ఫోన్‌లో "నీకు పిచ్చా అక్కా, ఈత నేర్చుకోవడానికొచ్చి!" అంది. మర్నాడు మాత్రం మామిడికాయ పప్పూ పెరుగూ తెచ్చి ఇచ్చింది. హాస్టల్ వంకాయకూర గురించి నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది కాబోలు.

ఈ హాస్టల్‌లో నేను చూసిన ఒక సంగతి మా బడిలో ఇకనుంచి ప్రతి ఏడూ చెబుతాను. మౌనిక పుస్తకం పట్టుకోలేదు, మంచి కన్ను కాసేపు వాడితే చెడ్డ కంటికి కూడా నీళ్ళొస్తున్నాయి. అప్పుడు పక్క గదుల పిల్లలు వంతులు వేసుకుని వచ్చారు. ఒకరు చరిత్ర, ఒకరు పాలిటీ, ఒకరు కరెంట్ అఫైర్స్. పైకి చదువుతారు, మౌనిక కళ్ళు మూసుకుని వింటుంది, మధ్యలో ఎవరో ఒకరి ఫోన్ అలారం మోగుతుంది, నేను చుక్కలు వేస్తాను. వీళ్ళందరూ రాసేది అదే పరీక్ష, అవే ఉద్యోగాల కోసం. ఈ పిల్ల వెనకబడితే వాళ్ళకు ఒక పోటీ తగ్గుతుంది. ఆ మాట ఒక అమ్మాయితో అన్నాను కూడా.

"చదివి ఇనిపిస్తే నాకు గూడ యాదికుంటదక్కా. ఫ్రీగ రివిజన్" అని నవ్వేసింది.

శనివారం చూపించుకోవడానికి వెళితే, పుండు పాకడం ఆగిందని డాక్టరమ్మ చెప్పింది. తగ్గడం ఇంకా మొదలవలేదంది. ఇప్పుడు మందు ఆపితే మొదటికొస్తుందని మళ్ళీ హెచ్చరించింది.

పరీక్ష కేంద్రం

ఆదివారం పొద్దున మౌనిక పాత కళ్ళజోడు పెట్టుకుని, హాల్ టికెట్టూ పెన్నూ చుక్కల సీసాలూ ఒక పారదర్శకమైన కవర్‌లో పెట్టుకుని బయలుదేరింది. కేంద్రం రాంనగర్ దాటాక ఒక బడి. దారిలో మార్కెట్‌లో చేపల బుట్టలు దింపుతున్నారు. ఆ వాసనకు ప్రాణం లేచొచ్చింది గాని, పులుసు మాట ఇద్దరం ఎత్తలేదు.

గేటు దగ్గర తనిఖీ చేస్తున్న కానిస్టేబుల్ అమ్మాయి కవర్ చూసి ఆగింది. "మందులు లోపలికి పోవు." మౌనిక కన్ను చూపించింది. ఆ అమ్మాయికి జాలి కలిగి లోపలికి వెళ్ళి ఒక పెద్దాయనను తీసుకొచ్చింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు.

"ముందే అర్జీ పెట్టుకోవాలె తల్లీ. ఇప్పుడు నా చేతుల లేదు. సీసాలు బయట పెట్టి పో. గేటు బంద్ అయినంక, ఎగ్జామ్ అయ్యేదాక బయటికి రానియ్యరు."

అంటే నాలుగు గంటలు. ఎనిమిది చుక్కలు.

మౌనిక నన్ను గేటు పక్కకు లాగింది. "ఏం చేద్దామక్కా?"

నేను బడిపంతులమ్మని. పరీక్ష మానెయ్యమని జీవితంలో ఎవరికీ చెప్పలేదు. జ్వరంతో వచ్చిన పిల్లల్ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టి రాయించాను. నాలుగు గంటలే కదా, వెళ్ళు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళ చదువు, వంతులు వేసుకుని చదివిన పిల్లలు, అంతా గుర్తొచ్చింది. వద్దు అనాలన్నా నోరు రాలేదు.

మౌనిక గేటు వైపు చూసింది. పిల్లలు పరుగెత్తుకుంటూ వెళుతున్నారు. కాసేపటికి లోపలివాళ్ళు తలుపు రెక్కలు దగ్గరికి లాగడం మొదలుపెట్టారు. కానిస్టేబుల్ అమ్మాయి "వస్తున్నవా?" అన్నట్టు చెయ్యి ఊపింది. మౌనిక అడ్డంగా తలూపింది. గేటు మూసుకుంది.

పక్కనే కొట్టు అరుగుంది. దాని మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, తల వెనక్కి వాల్చింది.

"టైమైంది. ఎయ్యక్కా" అంది.

సీసా మూత తీశాను. చుక్క వేశాక ఆమె గడ్డం అదరడం మొదలైంది. పెదవి పంటికింద నొక్కిపెట్టింది.

"ఏడవ్వే తల్లీ, ఏడిస్తే తేలికవుతుంది" అన్నాను.

"ఏడిస్తే మందు కొట్టుకపోతది గదక్కా" అంది. అన్నట్టే ఏడవలేదు. ఆ మాటకు నేనే ఏడ్చాను, నా కళ్ళలో మందేమీ లేదు కాబట్టి.

ఇంటికి

ఇంకో వారం ఉండి తిరిగొచ్చాను. చుక్కలు గంటకొకసారి నుంచి రెండు గంటలకొకసారికీ, తర్వాత నాలుగు గంటలకొకసారికీ మారాయి. ఈత నాకు అరకొరగా వచ్చింది, కొలను ఒక చివరినుంచి మధ్య దాకా వెళ్ళగలను, తర్వాత దేవుడు. లెన్సులు పెట్టుకుని నీళ్ళలోకి దిగే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే చెబుతున్నాను: తీసి దిగండి. పవర్ గాగుల్స్ కొనుక్కోండి. స్నానానికీ తీసెయ్యండి. కుళాయి నీటిని వాటి దరిదాపులకు రానివ్వకండి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే పక్కవాళ్ళ చుక్కలు వేసుకోకండి, పరీక్ష అయ్యాక చూద్దామని ఆగకండి. సత్యవతిగారికి కూడా ఇదంతా చెప్పాను. ఆవిడకు లెన్సులు లేవు, ఈతా రాదు, అయినా శ్రద్ధగా విన్నారు.

మౌనిక కంట్లో చిన్న మచ్చ మిగిలింది. అంచున మిగిలింది, మధ్యలో కాదు. ఆ ఉద్యోగాలు వేరేవాళ్ళకు వచ్చాయి, చరిత్ర చదివి వినిపించిన అమ్మాయికి కూడా వచ్చింది. మౌనిక చాలా రోజులు ఫోన్ చెయ్యలేదు. నేనూ కదపలేదు, ఏమని పలకరించాలో తెలియలేదు. మొన్న తనే చేసింది.

"టీచరక్కా, కొత్త నోటిఫికేషన్ పడ్డది. మళ్ల చదువుతున్న."

నాకు ప్రాణం కుదుటపడింది. కుదుటపడితే నా నోరు ఊరుకోదు.

"ఏ కంటితో చదువుతున్నావే?" అన్నాను.

"రెండిటితోని" అంది.